ఊరి చరిత్ర మ్యూజియంలో శరత్కాల కార్యక్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న ఊరి మ్యూజియం అంటే రెండు మూడు గదులు, ఒక నిల్వ గది, ఒక నమోదు పుస్తకం, వాటిని కనిపెట్టుకుని ఉండే నలుగురైదుగురు మనుషులు. ఏడాదిలో చాలా రోజులు నిశ్శబ్దంగా ఉండే ఆ గదుల్లో శరత్కాలం రాగానే సందడి మొదలవుతుంది. ఆ కార్యక్రమాల్లో బల్ల దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి నేను విన్న ప్రశ్నలు ఇవి. పాత వస్తువులు, పాత ఫోటోలు, పెద్దవాళ్ల జ్ఞాపకాల గురించి అడిగిన చోట కాస్త ఎక్కువే చెప్పాను. అక్కడ జరిగే నష్టాన్ని తర్వాత పూడ్చుకోలేం.

ఇన్ని కార్యక్రమాలు శరత్కాలంలోనే ఎందుకు?

మొదటి కారణం జనం. వేసవి సెలవులకు వెళ్లినవాళ్లు ఇళ్లకు చేరతారు, బడులు గాడిన పడతాయి, ఎండ తగ్గి సాయంత్రాలు నడకకు అనువుగా ఉంటాయి. రెండో కారణం భవనం. చిన్న మ్యూజియాలు చాలావరకు పాత ఇళ్లలోనో, పాత బడుల్లోనో, వాడుక తప్పిన రైల్వే స్టేషన్లలోనో ఉంటాయి. చలి దేశాల్లో అలాంటి భవనాన్ని శీతకాలమంతా వెచ్చగా ఉంచడానికి చాలా ఖర్చవుతుంది. అందుకే ఎన్నో మ్యూజియాలు చలి ముదరగానే తలుపులు మూసి, మళ్లీ వసంతంలో తెరుస్తాయి. మూసేలోపు ఊరివాళ్లందరినీ ఒకసారి లోపలికి పిలవాలన్న ఆరాటం సహజం.

మూడో కారణమే నాకు అన్నిటికంటే పెద్దది. వస్తువు కంటే దాని కథ ముందు పోతుంది. ఇత్తడి గంట ఇంకో నూరేళ్లు ఉంటుంది. అది ఏ బడిలో మోగేదో, సాయంత్రం దాన్ని ఎవరు కొట్టేవారో తెలిసిన మనిషి వచ్చే ఏడాదికి ఉంటారో లేదో చెప్పలేం. ఒక ఏడాది పనిని ముగించుకునే ముందు ఆ కథను కాగితం మీద పెట్టుకునే ఆఖరి అవకాశం శరత్కాలం. కార్యక్రమం ఏదైనా, అది ముగిసేసరికి నమోదు పుస్తకంలో కొత్తగా ఒక్క వాక్యమైనా చేరిందా లేదా అన్నదే నేను చూసుకునే లెక్క.

మాట గురించి చిన్న వివరణ. మన పంచాంగంలో శరదృతువు ఆశ్వయుజ, కార్తీక మాసాలు. ఆకులు రాలేది శిశిరంలో. ఇక్కడ శరత్కాలం అంటున్నది ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు 22 లేదా 23న పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తుతో మొదలై డిసెంబరు దాకా సాగే కాలం. దక్షిణార్ధగోళంలో అదే కాలం మార్చిలో మొదలవుతుంది.

ఈ నెలల్లో మ్యూజియాలు కలిసి జరుపుకునే ప్రత్యేక రోజులు ఉన్నాయా?

ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 1984లో చారిత్రక భవనాల తలుపులు ఒకరోజు అందరికీ తెరిచారు. మరుసటి ఏడాది ఐరోపా మండలి ఆ ఆలోచనను అందుకుంది. ఇప్పుడు ఐరోపా వారసత్వ దినాలు ఏటా ఎక్కువగా సెప్టెంబరులో జరుగుతాయి. మామూలు రోజుల్లో తాళం వేసి ఉండే గంట గోపురాలు, నీటి మిల్లులు, పాత కార్యాలయాలు ఆ రోజుల్లో చూడవచ్చు. అక్టోబరు మూడో శనివారం అంతర్జాతీయ పురావస్తు దినం. అమెరికాలో అక్టోబరు నెల మొత్తాన్ని దస్తావేజుల భద్రాలయాలకు కేటాయించారు. అక్టోబరు 27 యునెస్కో పాటించే దృశ్య శ్రవణ వారసత్వ దినం. 1980లో అదే తేదీన సినిమా చిత్రాల పరిరక్షణ గురించి ఆ సంస్థ ఒక సిఫారసును ఆమోదించింది. భారతదేశంలో నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం జరుపుతారు. 1977 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ మ్యూజియం దినం మే 18న వస్తుంది కనుక దక్షిణార్ధగోళంలో ఉన్నవారికి అదీ శరత్కాలపు పండుగే.

వీటన్నిటికీ చిన్న మ్యూజియం పరుగులు తీయనక్కరలేదు. ఒక్కదాన్ని ఎంచుకుని బాగా చేస్తే చాలు. టేపులు, రీళ్లు ఎక్కువగా ఉన్న ఊరికి అక్టోబరు 27 సరిపోతుంది, పాత కోటో చెరువో ఉన్న ఊరికి పురావస్తు దినం.

మా ఇంట్లోని పాత వస్తువు తెచ్చి చూపించవచ్చా? దాని గురించి ఏమి చెబుతారు?

తప్పకుండా తీసుకురండి. వస్తువులను గుర్తించే రోజు అని చాలా మ్యూజియాలు శరత్కాలంలో పెట్టే కార్యక్రమం ఇదే. బల్లకు అటు ఒకరిద్దరు తెలిసినవాళ్లు, ఇటు వస్తువు పట్టుకుని మీరు. వస్తువు దేనితో చేశారు, ఎందుకు వాడేవారు, సుమారు ఏ కాలానిది అన్నది చెప్పగలిగినంత చెబుతారు. ఎంత ధర పలుకుతుందో మాత్రం అడగకండి. చాలా మ్యూజియాలు ఆ పని చేయవు, చేయకూడదు కూడా. రేపు అదే వస్తువును దానంగా తీసుకోవలసిన సంస్థ ఇవాళ దానికి వెల కట్టడం న్యాయం కాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకాయన గోనె సంచిలో తుప్పు పట్టిన ఇనుప గొలుసు తెచ్చారు. తాతగారి కాలం నుంచి పెరటి గేటుకు కట్టి ఉండేదట. బావి గొలుసేమో అనుకున్నారు. బల్ల మీద పరిచి చూస్తే మామూలు గొలుసులా గుండ్రటి కడియాలు కావు, జానెడు పొడవున్న సన్నటి ఇనుప కడ్డీలు, వాటి మధ్య చిన్న చిన్న వలయాలు. పది కడ్డీలకు ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. మొదటి బిళ్లకు పంటిలాంటి మొన ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు, నాలుగోదానికి నాలుగు. సరిగ్గా మధ్యలో ఉన్న బిళ్ల గుండ్రంగా ఉంది. అది భూమి కొలిచే గొలుసు. ఇంగ్లండులో 1620లో ఎడ్మండ్ గంటర్ అనే గణిత శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చిన కొలత: 66 అడుగులు, 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు కలిస్తే ఒక ఎకరం. క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు కావడానికీ ఈ గొలుసే మూలం.

ఇదంతా పుస్తకాల్లో దొరికే విషయమే. పుస్తకాల్లో దొరకనిది ఆ తర్వాత బయటికి వచ్చింది. ఇత్తడి బిళ్లల పళ్లు లెక్కపెడుతూ ఉండగా ఆయనకు గుర్తొచ్చింది: తాతగారు సర్వేయరు వెంట గొలుసు కొస పట్టుకుని నడిచేవారని, కొలతలో గొలుసు బిగువు తగ్గితే పొలం పెరిగిందని ఊళ్లో తగాదాలు వచ్చేవని, అందుకే తాతగారు చేయి నొప్పి పుట్టేదాకా లాగి పట్టేవారని చిన్నప్పుడు విన్నారట. ఆ మూడు మాటలు రాసుకున్నాం. గొలుసును ఆయన మళ్లీ ఇంటికి తీసుకెళ్లిపోయారు. నాకేమీ బాధ కలగలేదు.

తెచ్చే ముందు తుడిచి, మెరుగు పెట్టి తీసుకురావాలా?

వద్దు. దయచేసి వద్దు. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మెరుగు పెట్టిన ప్రతిసారీ లోహం పైపొర కొంచెం అరుగుతుంది. సన్నగా చెక్కిన పేర్లు, ముద్రలు ముందుగా పోయేది అలాగే. చెక్క మీద నూనె రాస్తే దుమ్ము అంటుకుని నల్లబడుతుంది. వస్త్రం ఉతికితే పాత అద్దకం కారిపోతుంది, బలహీనపడిన నూలు తడి బరువుకే తెగుతుంది. కత్తి పిడి మీది చెమట మరక, కుట్టు మిషను మీద అరిగిన చోటు, పలక చట్రం మీద గీసిన పేరు మీకు మురికిలా కనిపించవచ్చు. మాకు అవే ఆధారాలు.

పైన వదులుగా ఉన్న దుమ్మును మెత్తటి కుంచెతో దులిపితే చాలు. తెల్లటి నూలు బట్టలో చుట్టి, పెట్టెలో కదలకుండా పెట్టి తెండి. వార్తాపత్రికలో చుట్టకండి, సిరా అంటుతుంది.

తీసుకురాకూడనివి ఏమైనా ఉన్నాయా?

పాత తూటాలు, మందుగుండు, సీసాల్లో మిగిలిన మందులు, పురుగుమందులు ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు. ఆయుధాల విషయంలో ముందు పోలీసులకు చెప్పండి. చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది: పాత సినిమా రీళ్లు. 1950ల మొదటి వరకు 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ములో ఎక్కువ భాగం నైట్రేట్ సెల్యులోజ్‌తో చేసినదే. అది చాలా త్వరగా అంటుకుంటుంది, ఒకసారి అంటుకుంటే నీళ్లకు కూడా ఆరదు. అటకమీద రీళ్ల డబ్బా కనిపిస్తే చల్లటి చోట ఉంచి ముందు ఫోను చేయండి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన వస్తే అది తర్వాతి కాలపు అసిటేట్ ఫిల్ము పాడవుతున్న గుర్తు. దానితో మంటల భయం తక్కువ, కానీ ఆలస్యం చేస్తే బొమ్మ మిగలదు.

మా కుటుంబ ఫోటోలు స్కాన్ చేస్తారా? అసలు ఫోటోలు మీరే ఉంచేసుకుంటారా?

స్కానింగ్ రోజున మీ కళ్లముందే స్కాన్ చేసి, అసలు ఫోటోలు అప్పుడే తిరిగి ఇచ్చేయాలి. ఏ మ్యూజియమైనా పాటించవలసిన పద్ధతి ఇది. ఒక నకలు మీకు, ఒకటి మ్యూజియానికి. ఎలా వాడుకోవచ్చో మీరు ఒక కాగితం మీద సంతకం చేసి చెబుతారు. చిన్న సైజు ఫోటోలను అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలు రూపంలో దాచడం మంచిది. ఫోనులో తీసిన ఫోటో చూసుకోవడానికి పనికొస్తుంది గాని దాచడానికి చాలదు.

ఫోటో వెనుక వైపు కూడా స్కాన్ చేయమని అడగండి. అక్కడ స్టూడియో ముద్ర ఉండవచ్చు, పోస్టుకార్డు గీతలు ఉండవచ్చు, ఎవరిదో చేతిరాత ఉండవచ్చు. ఆ ముద్ర ఫోటో కాలం చెబుతుంది. గట్టి అట్టకు అంటించిన చిన్న చిత్రమైతే 1854లో ఫ్రాన్స్‌లో డిస్దేరీ అనే ఫోటోగ్రాఫరు పేటెంటు తీసుకున్న విజిటింగ్ కార్డు ఫోటోల కాలం తర్వాతిదని చెప్పవచ్చు. నల్లటి రేకు మీద ఉన్న బొమ్మకు చిన్న అయస్కాంతం దగ్గరగా తెచ్చినప్పుడు లాగితే అది ఇనుప రేకు మీద తీసిన టిన్‌టైపు. అద్దంలా మెరుస్తూ, కొంచెం వంచితేనే మనిషి కనిపిస్తే డాగెరోటైపు కావచ్చు; 1839లో లోకానికి వెల్లడైన పద్ధతి అది.

పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, వెనుక వైపు, అంచు దగ్గర, గట్టిగా నొక్కకుండా రాయండి. బాల్ పెన్ను రాత ముందు వైపు ఉబ్బుతుంది, స్కెచ్ పెన్ను సిరా కొన్నాళ్లకు ముఖాల మీదికి ఊరుతుంది. జిగురు పుటల మీద పారదర్శక పొర ఉండే ఆల్బములలో ఫోటోలు ఉంటే పీకకండి. ఆల్బమునే తీసుకురండి. సెలోటేపు ఎక్కడా వద్దు.

"మా నాన్న" అని మాత్రమే రాసి వదిలేసిన ఫోటోలు నేను లెక్కలేనన్ని చూశాను. రాసినవారికి అది చాలు. యాభై ఏళ్ల తర్వాత చూసేవారికి ఆ నాన్న ఎవరో ఎలా తెలుస్తుంది? పూర్తి పేరు, ఊరు, తెలిస్తే ఏడాది రాయండి. కచ్చితంగా తెలియకపోతే "సుమారు" అని రాయండి.

మా అమ్మమ్మకు ఊరి సంగతులు చాలా తెలుసు. ఆమె మాటలు రికార్డు చేస్తారా?

చేస్తారు, ఇంటికి వచ్చి కూడా చేస్తారు. దీన్ని మౌఖిక చరిత్ర అంటారు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ 1948లో దీనికొక కేంద్రం మొదలుపెట్టాక ఇది ప్రత్యేకమైన పనిగా స్థిరపడింది. మొదట్లో పెద్ద పదవుల్లో ఉన్నవారి మాటలే ఎక్కువగా రికార్డు చేసేవారు. తర్వాత నేతపనివారు, గని కూలీలు, గృహిణులు, వలస వచ్చినవారు అందులోకి వచ్చారు. ఊరి మ్యూజియానికి కావలసింది వాళ్లే.

ముందుగా గది చూసుకోండి. ఫ్యాను, ఫ్రిజ్, గోడ గడియారం, వీధి వైపు కిటికీ: మనం పట్టించుకోని ఈ చప్పుళ్లన్నీ రికార్డులో పెద్దగా వినిపిస్తాయి. ధ్వనిని ఎంపీ3లో కాకుండా నాణ్యత తగ్గని వేవ్ ఫైలు రూపంలో దాచాలి. గంట, గంటన్నర దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు, ఇంకోరోజు రండి.

"అప్పట్లో జీవితం ఎలా ఉండేది?" అని అడిగితే "బాగానే ఉండేది" అన్న జవాబు వస్తుంది. బదులుగా "మీ ఇంటి గడప దాటి బడికి ఏ దారిన వెళ్లేవారు? మొదట ఏమి కనిపించేది?" అని అడిగి చూడండి. కాళ్లకు తెలిసిన దారిని నోరు మరచిపోదు. మలుపు మలుపుకీ ఒక చెట్టు, ఒక కొట్టు, ఒక కుక్క, ఒక మనిషి గుర్తుకొస్తారు. మధ్యలో మౌనం వస్తే నింపకండి. పది సెకన్లు ఆగితే అసలు మాట ఆ తర్వాతే వస్తుంది. తేదీ తప్పు చెప్పినా ఆపి సరిదిద్దవద్దు. రిజిస్టరులోని తేదీ ఎక్కడికీ పోదు, విడిగా రాసుకోవచ్చు. ఆమె దాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారన్నది మాత్రం ఆమె దగ్గరే ఉంది.

చివర్లో అనుమతి పత్రం మీద సంతకం అవసరం. ఏ భాగం ఇప్పుడే వినిపించవచ్చు, ఏది కొన్నేళ్లు మూసి ఉంచాలి అన్నది చెప్పినవారి ఇష్టం. మ్యూజియం ఆ మాటకు కట్టుబడి ఉండాలి.

ఊరి నడక అంటే ఏమిటి? శ్మశానాల్లోనూ నడకలు పెడతారు కదా, అది తప్పు కాదా?

ఊరి నడక అంటే తెలిసినవారి వెంట ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా తిరుగుతూ, ఆగిన చోటల్లా ఒక గోడ గురించో, వంతెన గురించో వినడం. గట్టి చెప్పులు, నీళ్లు, చీకటి పడితే టార్చి లైటు ఉంటే చాలు. చిన్న వాన అయితే నడుస్తారు, పెద్దదైతే లోపల ఫోటోలతో అదే కథ చెబుతారు.

శ్మశానం నడక మర్యాదగా జరిగితే తప్పేమీ లేదు. ఊరి చరిత్రకు అంతకంటే నమ్మకమైన పుస్తకం తక్కువ. ఒకే ఏడాది తేదీతో పిల్లల రాళ్లు వరసగా కనిపిస్తే ఆ ఏడాది ఊళ్లోకి ఏదో జబ్బు వచ్చిందని రాయే చెబుతుంది. భయపెట్టే వేషాలు, దెయ్యాల కథలు ఉన్న నడకలు నాకు నచ్చవు. అక్కడ ఉన్నవారి మనవళ్లు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటారు.

చెరిగిపోయిన అక్షరాలు చదవడానికి చాలామంది రాయి మీద సుద్దముక్క రుద్దుతారు, షేవింగ్ క్రీమ్ పూస్తారు. రెండూ రాయిని తినేస్తాయి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం కూడా పెళుసు రాళ్లకు ప్రమాదమే. ఏమీ అంటించకుండా చదివే ఉపాయం ఒకటుంది. సాయంత్రం చీకటి పడుతున్నప్పుడు టార్చిని రాయికి ఎదురుగా కాకుండా, దాదాపు రాయికి ఆనించినట్టుగా పక్క నుంచి వేయండి. గీతల లోతుల్లో నీడలు నిలిచి, పగలు నున్నగా కనిపించిన చోట అక్షరాలు లేస్తాయి. పగలైతే ఒక అద్దంతో ఎండను అలాగే పక్క నుంచి పంపవచ్చు. శరత్కాలంలో పొద్దు వాలుగా ఉంటుంది కనుక ఒక్కోసారి ఏ సాధనమూ అక్కరలేదు. మొదటిసారి ఒక పేరు అలా కనిపించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోతారు.

ప్రదర్శన గదులు అంత చీకటిగా ఎందుకు ఉంటాయి?

వెలుతురు వల్ల కలిగే నష్టం ఎప్పటికీ మానదు కాబట్టి. కాగితం, వస్త్రం, నీటిరంగుల బొమ్మలకు సాధారణంగా 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలిచే ప్రమాణం) మించకూడదని మ్యూజియాలు పాటిస్తాయి. మామూలు కార్యాలయం బల్ల మీద దాదాపు 500 ఉంటుంది. ఈరోజు పడిన వెలుతురు నిన్నటిదానికి కలుస్తూ పోతుంది. మధ్యలో చీకట్లో దాచినా పోయిన రంగు తిరిగి రాదు. అందుకే కొన్ని నెలలకొకసారి వస్తువులు మారుస్తారు. శరత్కాలపు ప్రదర్శన వేసవి ప్రదర్శనకు భిన్నంగా ఉండేది ఇందువల్లే. లోపలికి వచ్చాక రెండు నిమిషాలు ఆగండి, కళ్లు అలవాటు పడతాయి.

తెల్ల గ్లౌజులు వేసుకోమంటారా?

పాత కాగితానికి కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. నూలు గ్లౌజు వేసుకుంటే పుట అంచు వేలికి తెలియదు, చిరుగుతుంది. ఫోటోలకు, నెగెటివ్‌లకు, లోహాలకు మాత్రం గ్లౌజులు అవసరం. చేతి చెమట వాటి మీద ముద్ర వేసి వదలదు.

పిల్లలను తీసుకురావచ్చా? బడివాళ్లకు ప్రత్యేక కార్యక్రమం ఉందా?

తీసుకురండి. చాలా మ్యూజియాలు పిల్లలు తాకడానికే కొన్ని వస్తువులను వేరుగా పెడతాయి: ఒకేరకానివి రెండు మూడు ఉన్నవి, చరిత్ర తెలియనివి, విరిగినా తట్టుకోగలిగినవి.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. నలభై మందిని అరగంటలో అన్ని గదులూ తిప్పకండి. ఒకే వస్తువు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టండి. పేరు చెప్పకండి. ఏమి కనిపిస్తోంది, ఎక్కడ అరిగింది, కుడిచేతివాళ్లు వాడారా ఎడమచేతివాళ్లా, ఎంత బరువు ఉండవచ్చు అని మాత్రమే అడగండి. పాత ఇస్త్రీపెట్టెను పట్టుకోలేక రెండు చేతులూ వేసిన పిల్ల, దానితో రోజంతా పనిచేసిన మనిషి గురించి తనే అడుగుతుంది. ఇంటికి వెళ్లి ఆ ప్రశ్ననే పెద్దవాళ్లను అడిగితే ఆ పర్యటన ఫలించినట్టే.

ప్రవేశానికి టికెట్ ఉంటుందా? ముందుగా పేరు ఇవ్వాలా?

మ్యూజియాన్ని బట్టి మారుతుంది. చర్చలకు, ప్రసంగాలకు సాధారణంగా నేరుగా రావచ్చు. స్కానింగ్ రోజుకు, నిల్వ గది సందర్శనకు, ఊరి నడకకు ముందు పేరు ఇవ్వడం మంచిది. రాలేకపోతే ఒక ఫోను చేయండి. ఆ చోటు ఇంకొకరికి దక్కుతుంది.

చక్రాల కుర్చీతో రాగలమా?

ముందు అడగండి, మొహమాటపడకండి. పాత భవనాల్లో మెట్లు, ఎత్తు గడపలు నిజమైన ఇబ్బంది. పై గదిలోని వస్తువులు రానివారి కోసం కిందికి తెచ్చి చూపించే మ్యూజియాలు ఉన్నాయి. వినికిడి తగ్గినవారు ప్రసంగం ప్రతిని ముందుగా కోరవచ్చు.

మా తాతగారి వస్తువులు దానం చేస్తే ఎప్పటికీ ప్రదర్శనలో ఉంచుతారా?

అలా మాట ఇచ్చే మ్యూజియాన్ని నమ్మకండి. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులు ఉంటే ప్రదర్శనలో ఉన్నవి సుమారు 80 వేలు, అంటే నూటికి ఒకటి. చిన్న మ్యూజియాల్లోనూ ఎక్కువ భాగం నిల్వ గదిలోనే ఉంటుంది. అక్కడ ఉండటం మూలన పడేయడం కాదు. చీకటి, స్థిరమైన తేమ, ఆమ్లం లేని కాగితం, ఒక సంఖ్య: వస్తువు ఎక్కువ కాలం బతికేది అక్కడే.

దానం తీసుకునేటప్పుడు యాజమాన్యం మారినట్టు పత్రం రాస్తారు, వస్తువుకు నమోదు సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యలో సాధారణంగా ఏడాది, ఆ ఏడాది ఎన్నో దానం, అందులో ఎన్నో వస్తువు అన్నవి ఉంటాయి. మీరు ఆ సంఖ్య రాసి దాచుకోండి. మీ మనవలు వచ్చి అడిగినప్పుడు అదే తాళంచెవి.

వద్దన్నా బాధపడకండి. అలాంటి కుట్టు మిషన్లు అప్పటికే నాలుగు ఉండవచ్చు, చోటు లేకపోవచ్చు. ఆ వస్తువును వద్దన్నా, దాని కథ చెప్పమని అడిగితే చెప్పండి.

ఆకులు, పూలతో మ్యూజియాన్ని అలంకరించడానికి సాయం చేస్తామంటే ఎందుకు వద్దంటారు?

పురుగుల వల్ల. తోటలోంచి తెచ్చిన కొమ్మతో చిన్న పురుగులు లోపలికి వస్తాయి. చలి మొదలయ్యేసరికి అవి ఎలాగూ వెచ్చటి చోటు వెతుక్కుంటాయి. వాటి పిల్లలు ఉన్ని బట్టలు, ఈకలు, పుస్తకాల అట్టలు తింటాయి. పురుగు పట్టిన వస్త్రాన్ని గాలి చొరని సంచిలో పెట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఒకటి రెండు వారాలు గడ్డకట్టించి బాగుచేస్తారు. అంతదాకా రాకుండా చూసుకోవడం మేలు. కాగితం ఆకులు కత్తిరించి తెండి, సంతోషంగా కట్టుకుంటాం.

ఊరికి బాధ కలిగించే సంగతులు కూడా చెబుతారా?

చెప్పాలి. కొట్లాటలు, వెలివేతలు, కరువులు, మూతపడిన మిల్లులు లేని ఊరు లేదు. బావి దగ్గరికి ఎవరిని రానిచ్చేవారు కాదో చెప్పకుండా ఆ బావి చరిత్ర చెబితే అది సగం చరిత్రే. చెప్పే పద్ధతి ముఖ్యం: ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది, రెండో పక్షం ఏమంటుంది అన్నది పక్కనే రాసి ఉండాలి. బతికి ఉన్నవారి పేర్లు వారి అనుమతి లేకుండా బయట పెట్టకూడదు. ఒక సాయంత్రం చర్చ వేడెక్కితే అది విఫలమైందని నేను అనుకోను. అందరూ తలలూపి వెళ్లిపోయిన సాయంత్రాలే నన్ను కలవరపెడతాయి.

సాయం చేయాలని ఉంది, కానీ చరిత్ర చదువుకోలేదు. ఏమి చేయగలను?

చదవగలిగే కళ్లు, ఓపిక ఉంటే చాలు. పాత చేతిరాతలను కంప్యూటర్‌లో ఎక్కించేవారు కావాలి. రికార్డింగులు విని రాసేవారు కావాలి. ఒక గంట మాటలు రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టవచ్చు. కుర్చీలు సర్దేవారు, వచ్చినవారికి మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టేవారు కావాలి. అక్కడ కూర్చున్నప్పుడే చాలా కథలు మొదలవుతాయి.

మా ఊళ్లో మ్యూజియమే లేదు. మేము మొదలుపెట్టవచ్చా?

భవనంతో మొదలుపెట్టకండి. ఒక శనివారం, ఒక బడి గది, పది బల్లలు చాలు. ఒక్కొక్కరు ఒక్కో వస్తువు తెచ్చి, సాయంత్రం తిరిగి తీసుకెళ్తారు. మీ దగ్గర మిగలవలసింది వస్తువుల ఫోటోలు, ఒక్కోదానికి ఒక పేజీ: పేరు, కొలతలు, ఎవరిది, ఎలా వచ్చింది, ఏ కథ చెప్పారు. స్వీడన్‌లో ఆర్తుర్ హసేలియుస్ పల్లెల్లో మాయమవుతున్న బట్టలు, పనిముట్లు సేకరిస్తూ 1873లో చిన్నగా ఒక ప్రదర్శన తెరిచారు. 1891లో స్టాక్‌హోమ్‌లో ఆయన మొదలుపెట్టిన స్కాన్సెన్, ఇళ్లకు ఇళ్లనే తెచ్చి నిలబెట్టిన ఆరుబయలు మ్యూజియం అయింది. అంతర్జాతీయ మ్యూజియాల మండలి 2022లో ఆమోదించిన నిర్వచనంలోనూ సమాజాల భాగస్వామ్యం అన్న మాట ఉంది. ఆ భాగస్వామ్యం బల్లల దగ్గరే మొదలవుతుంది.

నాకు ఒక్క సాయంత్రమే ఖాళీ ఉంది. దేనికి రావాలి?

పేరు తెలియని ఫోటోల బల్లకు రండి. మ్యూజియం దగ్గరున్న ఫోటోల్లో ఎవరో తెలియనివారి నకళ్లు పెద్దవిగా తీసి బల్ల మీద పరుస్తారు, పక్కన కార్డులు, పెన్సిళ్లు ఉంటాయి. కిందటి శరత్కాలంలో ఒక పెళ్లి ఫోటో ముందు ఇద్దరు పెద్దావిడలు చాలాసేపు నిలబడ్డారు. వెనుక వరుసలో మొహం సగం మాత్రమే కనిపిస్తున్న అమ్మాయి ఎవరన్నది వాళ్ల వాదన. ఒకరు చెవి కమ్మలు చూసి ఒక పేరు చెప్పారు. ఇంకొకరు, ఆ అమ్మాయి ఎడమ చేయి వెనక్కి దాచుకుంది చూడు, కాలిన మచ్చ కనిపించకూడదని ఎప్పుడూ అలాగే నిలబడేది అన్నారు. మొదటావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. తర్వాత పెన్సిలు అందుకుని, తను చెప్పిన పేరు కొట్టేసి, రెండో పేరును పూర్తి ఇంటిపేరుతో సహా కార్డు మీద రాశారు.